ఐ.పి. వకీళ్లు

“ఐ.పి. పెట్టినాడు” అను మాట మన పట్టణములలో తిట్టుగా మారినది. ఇన్సాల్వెన్సీ పిటీషనను పూర్తి పేరెరుగనివారు సైతము ఈ రెండక్షరముల నెరుగుదురు. తిట్టు వర్తకునికి మిగులుచున్నది. పిటీషను వ్రాసిన వకీలు మాత్రము తెల్లపట్టీ కట్టుకొని మరునాడు మరియొకటి వ్రాయుచున్నాడు. మేమును ఆ వృత్తిలోనివారమే గనుక ఈ సంగతి చెప్పుటకు సిగ్గుపడుచున్నాము; దాచుటకు అంతకంటెను సిగ్గుపడుచున్నాము.

అప్పులపాలైనవాడు వకీలు నెంచుకొనునని లోకము తలచును. నిజమునకు కోర్టు ఎదుటి టీ దుకాణమువద్ద దళారియే అతని నెంచుకొనుచున్నాడు. “ఇంత సొమ్మిమ్ము, అప్పులన్నియు మాయమగును” అని బేరము. దళారుల పట్టిక తయారుచేసి ప్రకటించు అధికారము 1879 నాటి చట్టములోనే ఉండెడిది. 2023 సవరణ దానిని అడ్వకేట్ల చట్టములోనికి తెచ్చినది. మూడు నెలల ఖైదును విధింపవచ్చును. ఆ పట్టిక తమ కోర్టు గోడపై కానవచ్చుచున్నదేమో పాఠకులే పోయి చూతురుగాక.

మన జిల్లాలలో సామాన్యుని దివాలాకు నేటికిని 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే ఆధారము. 2016లో క్రొత్త కోడు వచ్చినను, వ్యక్తుల విషయమున అది 2019 డిసెంబరు 1 నుండి కంపెనీల అప్పులకు హామీ నిలిచినవారికి మాత్రమే అమలగుచున్నది. తీర్చలేని అప్పు 500 రూపాయలున్న చాలును, పిటీషను వేయవచ్చును. వేయుట ఇంత సులభమగుటచేతనే చెడ్డ వకీలునకు ఇది పంటభూమి అయినది. నోటీసులు పోవును, ఋణదాతలు బెదరి సగమునకో పావుకో రాజీపడిన సరి, లేనిచో పిటీషను హాజరు లేక కొట్టివేయబడును. ఫీజు మాత్రము ముందే ముట్టినది గదా!

దివాలాదారుడని కోర్టు ప్రకటించినంతనే ఋణవిముక్తి కలుగదు. కోర్టు విధించిన గడువులోపల విడుదలకై వేరుగా దరఖాస్తు పెట్టవలెను. పెట్టనిచో ప్రకటన రద్దగును, ఋణదాతలు తిరిగి వాకిట నిలుతురు. ఈ ముక్క కక్షిదారునకు చెప్పని వకీళ్లను మేమెరుగుదుము.

ఒక బట్టల వర్తకుడు కాగితముల కట్టతో మా వద్దకు వచ్చెను. ఇంటిని బావమరదికి దానమిచ్చి పిదప పిటీషను వేయుమని పూర్వపు వకీలు సలహా ఇచ్చినాడట. నాలుగు నెలలు గడువక పిటీషను పడినది. పిటీషనుకు పూర్వము రెండేండ్లలోపల ఇట్లు ఉచితముగా వ్రాసిన దస్తావేజును రిసీవరు రద్దు చేయింపవచ్చునని 53వ సెక్షను ఘోషించుచున్నది. రిసీవరు అట్లే చేయించెను. దాచకున్నను ఇల్లు పోయెడిదే. కాని పేరు నిలిచెడిది. ఆస్తిని కపటముగా మరుగుపరచిన ఋణస్థునకు ఏడాది ఖైదు కలదని ఆయన మా నోట తొలిసారి వినెను.

కావున అప్పులవాడా, వకీలు మొదట ఏమడుగునో కనిపెట్టుము. “ఆస్తి ఎవరి పేర మార్చుదము?” అనువాని గుమ్మము దిగిరమ్ము. “ఖాతా పుస్తకము లెక్కడ?” అనువాని వద్ద కూర్చుండుము. పిటీషనుకు ముందటి మూడేండ్ల లెక్కలు సరిగా లేనిచో పూర్తి విడుదల దొరకదు. అతడు మేనమామవద్ద తెచ్చిన చేబదులును సైతము జాబితాలో వ్రాయించును. సర్కారు బాకీయు, మోసముచే చేసిన అప్పును, భార్యాబిడ్డల మనోవర్తియు విడుదలతో పోవని చెప్పును. వంటపాత్రలు, పనివాని పనిముట్లు, రైతు కాపురముండు ఇల్లు జప్తుకు రావని ధైర్యమును చెప్పును. ఒక్కొక్కప్పుడు అసలు పిటీషనే వలదని, అప్పులవారిని పిలిచి మాటాడుదమని అనును. అట్టివాడు దొరికిన విడువకుము.

ఫీజు ప్రకటన వరకా, విడుదల వరకా? కాగితముపై వ్రాయించుకొనుము. మాఫీ అయినదానిలో నూటికింత యని అడుగుట బార్ కౌన్సిలు నియమములకు విరుద్ధము. దివాలా కేసులలో ప్రవీణుడనని బోర్డు కట్టుటయు నిషిద్ధమే. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని 1987 చట్టము ప్రకారము జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితముగా వకీలు నిచ్చును.

మరి మన బారు పెద్దల మాట? ఐ.పి. కేసులు నీచమైనవని వారు ముట్టరు. వారు ముట్టనందువలననే అవి దళారుల పాలైనవి. ఏడాదికి ఒక్కొక్క పెద్ద వకీలు ఒక్క నిజాయితీపరుని పిటీషనును విడుదల ఉత్తరువు చేతికి వచ్చువరకు నడపిన వారికి కలుగు నష్టమేమి? వచ్చు బారు సమావేశమున మే మీ ప్రశ్న నడుగనున్నాము.