పుట్టింటి నుండి తెచ్చిన రెండు పుస్తకములు



మన సువార్త మహాసభలలో పందిరి పక్కన పుస్తకాల బల్ల ఒకటి ఉంటుంది. కూటము ముగియగానే క్యాలెండర్లు, వాక్యపు స్టిక్కర్లు అమ్ముడుపోతాయి. పుస్తకములు మాత్రము దుమ్ము దులిపించుకొని తిరిగి పెట్టెలోకి వెళ్ళిపోతాయి. “అయ్యగారూ, బైబిలు ఉండగా వేరే పుస్తకమెందుకండీ?” అని అడిగేవారున్నారు. మంచి ప్రశ్నే. బైబిలుకు బదులుగా ఏ పుస్తకమూ నిలువదు. అయినను పౌలు చెరసాలనుండి తిమోతికి వ్రాయుచు తన అంగీతోపాటు పుస్తకములు కూడ తెమ్మని కోరియున్నాడు (2 తిమోతి 4:13).

ఈ నెల మేము చెప్పదలచినది ఒక్క పుస్తకమే. అది జాన్ బన్యన్ వ్రాసిన “యాత్రికుని ప్రయాణము.”

బన్యన్ 1628లో ఇంగ్లాండు దేశమున బెడ్‌ఫర్డ్ పట్టణమునకు దగ్గరలోని ఎల్‌స్టో గ్రామములో పుట్టాడు. తండ్రి ఊరూరా తిరిగి చిల్లులు పడిన గిన్నెలకు మాట్లు వేసేవాడు. కొడుకుదీ అదే పని. పెండ్లినాటికి ఆ దంపతులకు ఇంట్లో పళ్లెము, గరిటె కూడ లేవని ఆయనే వ్రాసుకొన్నాడు. భార్య పుట్టింటి నుండి తెచ్చినవి రెండు భక్తి పుస్తకములు. అవి చనిపోయిన తండ్రి ఆమెకు విడిచిపోయినవి. అప్పుడప్పుడు వాటిని ఇద్దరూ కలిసి చదువుకొనేవారు. ఆ చదువుతోనే బన్యన్ మారిపోలేదు. ఇంకా కొన్ని సంవత్సరములు పట్టింది. గాని భక్తిగా బ్రతకాలనే ఆశ మాత్రము అక్కడ మొలిచింది. ఆ స్త్రీ పేరు చరిత్రలో మిగలలేదు.

ప్రభుత్వ సంఘపు అనుమతి లేకుండ ప్రసంగిస్తున్నాడని 1660 నవంబరులో ఆయనను పట్టుకొన్నారు. ఇక ప్రసంగించనని మాట ఇస్తే వదిలేసేవారే. ఆయన ఇవ్వలేదు. దాదాపు 12 సంవత్సరములు చెరలోనే గడిచాయి. ఇంటి దగ్గర పెద్దకూతురు గ్రుడ్డిది. ఆ బిడ్డను తలచుకొని ఆయన ఎంతో నలిగిపోయాడు. లేసులకు కొసలు బిగించి, అవి అమ్మించి ఇంటికి పైకము పంపేవాడు. “యాత్రికుని ప్రయాణము” 1678లో అచ్చయింది.

కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. వీపున మూట మోస్తూ ఒకడు పరలోక పట్టణమునకు బయలుదేరతాడు. బయలుదేరి ఎంతో దూరము పోకముందే నిరాశ అనే ఊబిలో పడతాడు. తోడు వచ్చినవాడు తన ఇంటివైపు గట్టు పట్టుకొని పైకి ఎక్కి వెనక్కి వెళ్ళిపోతాడు. ఇతడు మూట బరువుకు దిగబడిపోతూ కూడ అవతలి గట్టువైపే పెనుగులాడతాడు. ఆ ఊబిని పూడ్చుటకు మంచి బోధలను ఇరవై వేల బండ్లకు పైగా తోలి పోశారనీ, అయినా అది ఊబిగానే ఉన్నదనీ బన్యన్ అంటాడు. వానాకాలములో దిగబడే దారికి గ్రావెల్ తోలినవారికి ఈ మాట వివరించనక్కరలేదు.

ఈ పేజీ మమ్మును గద్దించింది. మా సంఘములో ఒక సహోదరుడు వేసిన బోరు ఎండిపోయి, అప్పు మీదపడి, ఆరాధనకు రావడము మానుకొన్నాడు. మేము వెళ్ళి గంటసేపు అవిశ్వాసము గూర్చి మాట్లాడి వచ్చాము. ఆయన తల వంచుకొని విన్నాడు. మరుసటి ఆదివారమూ రాలేదు. మేము తోలినది ఇంకొక బండి మాత్రమే! కథలో ఒకడు వచ్చి ఊబిలోనివానికి చెయ్యి అందిస్తాడు. మెట్లున్నాయి గదా, ఎందుకు చూడలేదని అడుగుతాడు, అయినా చెయ్యి ఇస్తాడు. రెండవసారి వెళ్ళినప్పుడు మేము ప్రసంగము చేయలేదు. ఆయనతో కూడ పొలము గట్టున కూర్చున్నాము, అప్పు లెక్క విన్నాము. ఆయన తిరిగి రావడానికి చాలా నెలలు పట్టింది.

తరువాత అనుమానపు కోట వస్తుంది. రాళ్ళ బాట విడిచి మెత్తని పచ్చికలో నడిచినందుకు యాత్రికులిద్దరూ ఒక రాక్షసుని చెరలో పడతారు. బుధవారము నుండి శనివారము రాత్రి వరకు తిండి లేదు, దెబ్బలు మాత్రమే. తెల్లవారుజామున ఒకనికి గుర్తొస్తుంది, తన రొమ్మున వాగ్దానమనే తాళపుచెవి ఇంతసేపూ ఉన్నదని! డిసెంబరు 31 రాత్రి మనము తీసుకొనే వాగ్దాన కార్డు ఫిబ్రవరి నాటికి ఏ పుస్తకములో ఉంటుందో ఒకసారి వెదకి చూడండి.

ఒక సంగతి దాచకూడదు. రోమా సంఘమును గూర్చి ఇందులో ఉన్న కఠినమైన మాటలు ఆ కాలపు కలహములలో నుండి వచ్చినవి. పొరుగింటి కతోలిక కుటుంబముతో వాదమునకు వాటిని వాడకండి. యాత్రికులు దారిలో చేసే పెద్ద చర్చలు పిల్లలకు విసుగు పుట్టించవచ్చు. అవి దాటవేసినా దోషము లేదు.

క్రైస్తవ పుస్తకశాలలో అడగండి. లేదా మీ కాపరిగారితో చెప్పి సంఘమునకు ఒక ప్రతి తెప్పించుకొని ఇంటింటికి త్రిప్పుకొనండి. రాత్రి భోజనమైన తరువాత, కుటుంబ ప్రార్థనకు ముందు నాలుగు పేజీలు చాలు. అమ్మకు చదువు రాకపోతే ఏడవ తరగతి పిల్ల పైకి చదవాలి, అందరూ వినాలి. టీవీ కట్టేయడము నాన్న పని. మొదటి రాత్రి ఊబిలో పడేంతవరకే చదివి ఆపండి. మరునాడు పుస్తకము ఎక్కడుందని పిల్లలే అడుగుతారు.