వేలంపాటని ఆపిన పాట

ఈ మధ్య ఒక జిల్లా కేంద్రంలో వయోజన విద్య కార్యకర్తలకి శిక్షణ ఇవ్వడానికి వెళ్లాను. ముప్పై ఏళ్ల కిందట సారా మీద ఊరూరా ఆడిన వీధినాటకాన్ని వాళ్లకి నేర్పుదామని నా ఉద్దేశం. మొదలుపెట్టగానే నిర్వాహకుడు లేచాడు. ‘‘మేడమ్, అక్షరాలు నేర్పండి. సంతకం నేర్పండి. బ్యాంకు ఫారం నింపడం నేర్పండి. చదువులోకి ఈ నాటకాలూ రాజకీయాలూ ఎందుకు?’’ అన్నాడు. ఆ మాట నాకు కొత్త కాదు. కానీ అక్కడున్న నలభై మంది ఆడవాళ్లలో సగం మంది తలలూపారు. నన్ను బాధపెట్టింది అదీ. ఈ వ్యాసం ఆయన కోసం కాదు, ఆ తలలూపిన మనవాళ్ల కోసం.

1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం కార్యక్రమం మొదలైనప్పుడు నేను కళాజాతా బృందంలో పాటలు పాడేదాన్ని. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు రాత్రి లాంతరు వెలుగులో పలక పట్టుకునేవాళ్లు. తాగొచ్చిన మగవాళ్లు ఆ బడుల మీదికి వచ్చి గొడవచేసేవాళ్లు. అంటే చదువుకోవాలంటే ముందు సారా కొట్టు సంగతి తేల్చుకోవాలి. ఇది మేం చెప్పిన రాజకీయం కాదు. వాళ్ల గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ రాజకీయం.

అక్షరాలొచ్చాక చదివే వాచకంలో సీతమ్మ కథ ఉంది. తాగుడు వల్ల కూలిపోయిన ఒక సంసారం కథ అది. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు ఆ పాఠం చదివారు, చర్చించుకున్నారు, తమ ఊళ్లో సారా కొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు మనకి తెలుసు. పేరు తెలియని వాళ్లు ఇంకెందరో. ఆ గెలుపే మళ్లీ ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమైంది. దాన్ని చదివి ఇంకో ఊరు కదిలింది. పాఠం ఉద్యమమైంది, ఉద్యమం పాఠమైంది. 1992లో సారా వేలంపాటలు జరగనీయకుండా ఆడవాళ్లు అడ్డం కూర్చున్నారు. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటా సారాని నిషేధించక తప్పలేదు.

ఇందులో చదువు ఎక్కడ ఆగింది? కళ ఎక్కడ మొదలైంది? రాజకీయం ఎక్కడ చేరింది? గీత గీసి చూపించమనండి.

చదువు రాజకీయాలకి అతీతంగా ఉండాలనే వాళ్లని ఒకటే అడుగుతాను. అమ్మ పొయ్యి దగ్గరా, నాన్న పేపరు ముందూ కూర్చున్న బొమ్మ వేసిన వాచకంలో రాజకీయం లేదా? సారా ఆదాయంతో ఖజానా నింపుకుంటూ అక్షరాస్యత గురించి ఉపన్యాసాలివ్వడంలో రాజకీయం లేదా? ఏలేవాళ్లకి నచ్చిన రాజకీయం పాఠమనిపించుకుంటుంది. మనం అడిగే ప్రశ్న మాత్రమే రాజకీయమనిపించుకుంటుంది.

కళ నినాదంగా దిగజారుతుందని సాహిత్య మిత్రులు కొందరంటారు. అది నిజమయ్యే సందర్భాలున్నాయి. మా నాటకమూ మొదట్లో అలాగే ఉండేది. తాగుబోతు మొగుడి వేషం వేసిన కుర్రాడు తూలుతూ అరిచేవాడు. ఒక ఊళ్లో ముందు వరసలో కూర్చున్న పెద్దావిడ లేచి, ‘‘మా ఆయన తాగొస్తే అరవడు పాపా, ముందు నవ్వతాడు. ఆ నవ్వు చూస్తేనే మాకు కాళ్లు వణకతాయి’’ అంది. మర్నాటి నుంచి మా నాటకంలో ఆ పాత్ర నవ్వుతూ వచ్చింది. చూసేవాళ్లు నిశ్శబ్దమైపోయేవాళ్లు. నినాదాన్ని కళ చేసింది మేం కాదు, ఆమె. తన బతుకుని పదిమంది ముందు మాటల్లో పెట్టిన ఆ క్షణంలోనే ఆమె లబ్ధిదారు కాకుండా పౌరురాలైంది.

తర్వాత ఏమైంది? 1994 డిసెంబరులో మన డిమాండు ఒక పార్టీ ఎన్నికల వాగ్దానమై గెలిచింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. అప్పుడు వీధులు ఎందుకు అంతగా నిండలేదు? తప్పంతా ప్రభుత్వం మీద తోసేసి ఊరుకోలేను. సారా ఆగాక మిగిలిన డబ్బులోంచి రోజుకో రూపాయి దాచుకున్న ఆ పొదుపు సంఘాలు ఆడవాళ్లకి బలాన్నిచ్చాయి, కాదనను. కానీ క్రమంగా సమావేశమంటే వాయిదాల లెక్కే అయింది. రాత్రి బడి మూతపడింది. పాట ప్రభుత్వ పథకాల ప్రచారానికి పోయింది. నిధులిచ్చేవాళ్లు అడిగిన నివేదికలు రాయడంలో మనం మునిగిపోయాం. ఎవరూ లాక్కోకముందే మన చేతుల్లోంచి మనమే జారవిడిచాం.

ఈనాడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మద్యం ఖజానాకి పెద్ద ఆదాయమే. ఊళ్లలో బెల్టు షాపులున్నాయి. పంచాయతీల్లో సగం స్థానాలు ఆడవాళ్లవే. అయినా గ్రామసభలో చదివిన తీర్మానం అర్థమైందా అని అడిగే అలవాటు మనకి లేదు. సంతకం వచ్చు. దేనికింద పెడుతున్నామో అడగడం రాదు. సంతకం మాత్రమే నేర్పే చదువు ఎవరికి పనికొస్తుంది? కాగితం తెచ్చేవాడికి.

కాబట్టి కార్యకర్తలకి నా విన్నపం. సంఘం సమావేశంలో లెక్కలయ్యాక ఒక గంట మిగల్చండి. గ్రామసభ తీర్మానం గట్టిగా చదవండి. ఊళ్లో జరిగినదాన్ని వాళ్ల చేతే కథ కట్టించండి, ఆడించండి, రాయించండి. అదే వచ్చే నెల పాఠమవుతుంది. ఇది రాజకీయం కాదా అని ఎవరైనా అడిగితే తలదించుకోకండి. అవును, రాజకీయమే అని చెప్పండి. వేలంపాటని ఆపింది మన పాటేనని కూడా గుర్తుచేయండి.