జన్మలో నిండని ట్యాంకు

“సార్, ఇది జన్మలో నిండదు. గ్యారంటీ నాది.”

2021లో మా ఇల్లు కట్టిన మేస్త్రీ సెప్టిక్ ట్యాంకు చూపిస్తూ నాన్నతో అన్న మాట ఇది. నాన్న మురిసిపోయారు. నేను వీడియో కాల్‌లో ‘సూపర్’ అన్నాను. ఇంజినీరింగ్ చదివి కూడా ఒక్క ప్రశ్న అడగలేదు. ట్యాంకు నిండకపోతే లోపలిదంతా ఎటు పోతున్నట్టు?

జవాబు నిరుడు వానాకాలంలో దొరికింది. బోరు నీళ్లు వాసన కొట్టాయి. ల్యాబ్‌కి పంపిస్తే ఈ-కోలి ఉందని రిపోర్టు. అప్పటికే అమ్మ రెండుసార్లు విరేచనాలతో మంచం పట్టింది. ట్యాంకు తెరిపిస్తే అడుగున కాంక్రీటే లేదు, వట్టి మట్టి! బోరు అక్కడికి ఇరవై అడుగులే.

మరి పర్మిషన్ ఇచ్చేటప్పుడు ఎవరూ చూడలేదా అంటారా? తెలంగాణలో 2020లో టీఎస్-బీపాస్ చట్టం వచ్చింది. 500 చదరపు మీటర్ల లోపు స్థలం, 10 మీటర్ల లోపు ఎత్తు అయితే మనమే డిక్లరేషన్ ఇస్తే చాలు, ఆన్‌లైన్‌లో వెంటనే అనుమతి. ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. చాలా మంచి పని. కానీ అన్నీ రూల్స్ ప్రకారమే కడతామని పూచీ పడింది మనమేనని నేను మర్చిపోయాను. తర్వాత వచ్చినవాళ్లు సెట్‌బ్యాక్ కొలిచి వెళ్లారు. అప్పటికే ట్యాంకు మీద టైల్స్ కూడా పడిపోయాయి.

బోస్టన్ దగ్గర ఉండే మా బావకి ఇదంతా చెబితే నోరెళ్లబెట్టాడు. వాళ్ల మసాచుసెట్స్ రాష్ట్రంలో సెప్టిక్ ఉన్న ఇల్లు అమ్మాలంటే ‘టైటిల్ ఫైవ్’ తనిఖీ జరగాలి. ఆ రిపోర్టు రెండేళ్లు చెల్లుతుంది. ఏటా ట్యాంకు ఖాళీ చేయిస్తే మూడేళ్లు. మన దగ్గర ఇల్లు కొనేటప్పుడు వాస్తు చూస్తాం, లింకు డాక్యుమెంట్లు చూస్తాం. ట్యాంకు మూత ఎవరు తీసి చూస్తారు?

రూల్స్ లేక కాదు. ఐఎస్ 2470 అని ఒక భారతీయ ప్రమాణమే ఉంది. ట్యాంకు వెడల్పు కనీసం 750 మిల్లీమీటర్లు, నీటి లోతు కనీసం ఒక మీటరు, పొడవు వెడల్పుకి రెండు నుంచి నాలుగు రెట్లు ఉండాలి. ట్యాంకు నుంచి బయటికొచ్చే నీళ్లు ఇంకే సోక్ పిట్, తాగునీటి బావికి, బోరుకి 18 మీటర్ల దూరంలో ఉండాలి. అంటే దాదాపు అరవై అడుగులు. మాది 150 గజాల స్థలం, పొడవే నలభై ఐదు అడుగులు. అరవై ఎక్కడి నుంచి తెస్తాం? పైగా పక్కింటి బోరు కూడా లెక్కలోకే వస్తుంది.

అందుకే ట్యాంకు అసలు కారకూడదు. బరువైనది అడుగున బురదగా దిగాలి, తేలికైనది పైన తెట్టులా తేలాలి, మధ్యలో నీళ్లు మాత్రమే బయటికి పోవాలి. అడుగే లేకపోతే అది ట్యాంకు కాదు, గొయ్యి.

మేం పాతదాన్ని పూడ్చేసి కొత్తది కట్టించాం. ఈసారి పైస్లాబు వేయకముందే నిండా నీళ్లు పోసి, మట్టం దగ్గర గీత గీసి ఒక రోజు వదిలేశాం. గీత దిగితే లీకేజీ ఉన్నట్టే. ఖర్చు లేని తనిఖీ ఇది, ఎవరైనా చేసుకోవచ్చు. సోక్ పిట్ వీధి వైపు మార్చాం. అయినా అరవై అడుగులు రాలేదు కాబట్టి, తాగడానికి బోరు నీళ్లు పూర్తిగా మానేశాం.

ఇంకొక మాట. పాత ట్యాంకు మూత తీయగానే మేస్త్రీతో వచ్చిన కుర్రాడు చొక్కా విప్పి దిగబోయాడు. నాన్న చెయ్యి పట్టుకుని ఆపారు. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. అది మోతాదు మించితే ముక్కుకి వాసన కూడా తెలియదు, మనిషి అక్కడే కూలిపోతాడు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మేం వాక్యూమ్ లారీని పిలిపించాం. అరగంటలో పని అయిపోయింది.

ట్యాంకుని రెండు మూడేళ్లకోసారి ఖాళీ చేయించాలి. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు “తిన్నారా?” అన్నాక ఇది కూడా అడగండి: “మన ట్యాంకు చివరిసారి ఎప్పుడు తీయించారు?” “మనది ఇప్పటిదాకా నిండనే లేదు” అని గొప్పగా చెప్పారనుకోండి, ముందు బోరు నీళ్లు టెస్టుకి పంపించండి.