సముద్రములు దాటవలసిన ఓటు

మలేసియా ఎన్నికల సంఘాధ్యక్షులవారి సముఖమునకు,

పేరాక్ రాష్ట్రమందలి బాగాన్ దాతుక్‌లో తెలుగు కుటుంబమున జన్మించి, ప్రస్తుతము స్కాట్లండులో చదువుచున్న విద్యార్థిని వ్రాయు విన్నపము. పగలు తరగతులు, సాయంకాలము చిన్నపాటి కొలువు, రాత్రి నలుగురము కలసి సంబల్ అను మిరపపచ్చడి నూరుకొని వండుకొను అన్నము, ఇంటివారితో మాటాడుటకై ఏడెనిమిది గంటల కాలభేదమును గణించుకొనుట, ఇదియే మా దినచర్య. అయినను ఏ పూటయు మేము దేశమును మరచినవారము కాము.

2022 సార్వత్రిక ఎన్నికలకు నవంబరు 5న నామపత్రములు స్వీకరించి 19న పోలింగు జరిపినప్పుడు, ఆ పదునాలుగు దినములలోనే మా తపాలా ఓటుపత్రము ముద్రితమై, ఖండాంతరము చేరి, సాటి మలేసియా పౌరుని సాక్షిసంతకముతో మరల బయలుదేరి, పోలింగునాటి సాయంకాలము 5 గంటలలోపల మా మా నియోజకవర్గములకు చేరవలసివచ్చెను. పదునెనిమిదవ యేటనే ఓటుహక్కు నొసగిన దేశము ఆ హక్కును తపాలా సంచుల వేగమునకు విడిచిపెట్టుట న్యాయము కాదని నా దృఢవిశ్వాసము. 2013లో రాయబార కార్యాలయములందే ప్రవాసుల ఓట్లు గైకొని స్వదేశమునకు చేర్చిరి గదా! ఆ పద్ధతిని పునరుద్ధరింపుడు. కాదేని నామపత్రములకును పోలింగునకును నడుమ వ్యవధిని పొడిగింపుడు. చిన్న పట్టణములలో స్వదేశీయుడైన సాక్షి లభించుటయే దుర్లభము గావున, ఆ నిబంధనను సడలింప ప్రార్థన.

ఇట్లు,
విదేశమున చదువుచున్న ఒక ఓటరు