ఊరి మీద డాక్టరేటు

జ్యేష్ఠమాసం వచ్చిందంటే దుత్తలూరు మండలంలోని నర్రవాడ దారులు ఆటోలతో, ట్రాక్టర్లతో, బస్సులతో నిండిపోతాయి. వెంగమాంబ పేరంటాలు తిరునాళ్లు మరి! పెళ్లి కుదరాలని కొందరు, కడుపు పండాలని కొందరు, మొక్కు తీర్చుకోవాలని కొందరు... పసుపు కుంకుమలతో వచ్చే ఆడవాళ్లకు లెక్కుండదు.

ఆ తిరునాళ్లలో అవ్వ కొంగు పట్టుకుని తిరిగిన ఓ అమ్మాయి ఉందనుకోండి. ఎమ్మే పూర్తిచేసి ఇంటికొచ్చింది. రాత్రి అన్నాల దగ్గర మెల్లగా చెప్పింది.

‘పీహెచ్‌డీ చేస్తా నాయనా. మన పేరంటాలు మీద.’

నాయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ‘అయిదారేళ్లు పడతదంట గదమ్మా. అప్పటిదాకా ఎట్టా?’

పక్కనే ఉన్న మేనమామ నవ్వాడు. ‘బీఈడీ చేసి డీఎస్సీ రాసుకో పిల్లా. మన ఊళ్లో డాక్టరేటు చేసేంత ఏముండాది?’

గడప దగ్గర కూర్చున్న అవ్వకు ఇంకో సందేహం. ‘అమ్మకు మొక్కుకోవాల గానీ, ఆరా తియ్యొచ్చునా?’

మూడూ న్యాయమైన ప్రశ్నలే. ఊరి సంస్కృతి మీద పరిశోధనకు బయల్దేరిన ఏ ఇంటి పిల్లకైనా, పిల్లాడికైనా ఎదురయ్యేవే.

ముందు మామయ్య సంగతి చూడాలి. ‘ఏముండాది’ అన్న మాట కొత్తది కాదు. రాజుల యుద్ధాలు చరిత్ర, కావ్యాలు సాహిత్యం, పొలంలో పాడుకునే పాట మాత్రం ఊసుపోక పాడుకునేది అని చాలాకాలం పెద్దలే అనుకున్నారు. తెలుగువాళ్లు ఏం తిన్నారో, ఏం కట్టుకున్నారో, ఏ ఆటలాడారో ఏరి కూర్చి సురవరం ప్రతాపరెడ్డి 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ తెచ్చారు. ఆయన చదివింది న్యాయశాస్త్రం. తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు 1955లో ఆ పుస్తకానికే వచ్చింది. ఆ దశకంలోనే వరంగల్ ప్రాంతపు దేవనూరు నుంచి వచ్చిన బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జానపద గేయాల మీద డాక్టరేటు చేశారు. ఆ పరిశోధన ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ పేరుతో 1958లో పుస్తకమైంది. నాట్లేసే ఆడవాళ్ల పాటకూ విశ్వవిద్యాలయంలో పీట పడింది.

ఇక మెట్ట నెల్లూరుకు వస్తే, కాటమరాజు కథ ఒక్కటి చాలు. పదమూడో శతాబ్దపు ముచ్చట. కరువొచ్చి కాటమరాజు ఆలమందలు నెల్లూరు సీమ బీళ్లకు దిగాయి. నెల్లూరు ప్రభువు మనుమసిద్ధి పుల్లరి కట్టమన్నాడు. తగవు ముదిరి పాలేటి ఒడ్డున యుద్ధమైంది. మహాభారతం రాసిన తిక్కన సోమయాజికి దాయాది అయిన ఖడ్గతిక్కన ఆ పోరులోనే నేలకొరిగాడని కథ. కొమ్ములవాళ్లు తరతరాలుగా పాడుకుంటూ వచ్చిన ఆ కథలను తంగిరాల వెంకట సుబ్బారావు సేకరించి పరిష్కరిస్తే, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1970వ దశకంలో సంపుటాలుగా వేసింది. వీరుల సంగతి అలా ఉంచితే, కథకు మూలం కరువు, మేత, పన్ను. వానకోసం ఆకాశం వంక చూసే ఉదయగిరి రైతుకూ, గొర్రెల మందతో ఊళ్లు దాటే కాపరికీ ఎవరూ విడమరచి చెప్పక్కర్లేని మాటలు.

సముద్రాలు దాటి వచ్చినవాళ్లకు కూడా ఈ సంపద కనిపించింది. జీన్ రోఘైర్ అనే అమెరికన్ పరిశోధకుడు పల్నాడు వచ్చి, అలిసెట్టి గాలెయ్య అనే గాయకుడి ముందు కూర్చుని పల్నాటి వీరుల కథ విన్నాడు. దాని అధ్యయనం, ఇంగ్లిషు అనువాదం కలిసి 1982లో పుస్తకంగా వచ్చాయి. అంత దూరం నుంచి వచ్చినవాడికి కనిపించినది ఇంట్లోవాళ్లకు ఆనలేదంటే, లోపం ఊళ్లో లేదు.

ఇప్పుడు నాయన ప్రశ్న. ఇది పొయ్యి మీద ఎసరుకు సంబంధించింది కాబట్టి దాపరికం లేకుండా చెప్పుకోవాలి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఆడపిల్లలకు, దివ్యాంగులకు మరో రెండేళ్ల వెసులుబాటు ఉంది. పిల్లల్ని కనాల్సి వస్తే 240 రోజుల వరకు సెలవు ఇవ్వొచ్చు. ఉద్యోగం చేసుకుంటూ పార్ట్‌టైమ్‌లో చేసే దారీ ఉంది. చేరగానే కోర్సువర్కు, తర్వాత క్షేత్ర పర్యటన, రాత, చివర్లో అందరి ఎదుట మౌఖిక పరీక్ష. ఊరికే సర్టిఫికెట్ చేతిలో పెట్టరు.

డబ్బు మాటకొస్తే నెట్‌లో జేఆర్ఎఫ్ సాధించడమే పెద్ద అండ. 2023 జనవరి నుంచి ఆ ఫెలోషిప్ నెలకు 37 వేల రూపాయలు, రెండేళ్ల తర్వాత 42 వేలు. నెట్ రాయడానికి తెలుగు, చరిత్ర, సామాజిక శాస్త్రంతో పాటు జానపద సాహిత్యం కూడా ఒక సబ్జెక్టుగా ఉంది. జేఆర్ఎఫ్ రాకపోతే మాత్రం కష్టమే. హాస్టలు ఖర్చు, ఊళ్లు తిరిగే బస్సు చార్జీలు, అచ్చు ఖర్చులు ఇంటి మీద పడతాయి. పట్టా వచ్చిన మర్నాడే ఉద్యోగం వస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. అందుకే ముందు నెట్‌కు కూర్చోబెట్టి, ఆ తర్వాతే అంశం ఎంచుకోమనడం తండ్రికి శ్రేయస్కరం, కూతురికి క్షేమం. ‘చదవొద్దు’ అనడానికీ ‘సిద్ధపడి వెళ్లు’ అనడానికీ చాలా తేడా ఉంది.

మిగిలింది అవ్వ ప్రశ్న. మూడింటిలో కష్టమైనది ఇదే.

పేరంటాలు అంటే మామూలు మాటల్లో ముత్తైదువ. భర్తతో పాటు చితి ఎక్కిన ఇల్లాళ్లను, అర్ధాంతరంగా పోయిన ఆడపడుచులను పేరంటాళ్లుగా కొలవడం తెలుగునేలలో చాలాచోట్ల ఉంది. వెంగమాంబను కూడా అగ్నిప్రవేశం చేసిన ఇల్లాలిగానే చెప్పుకుంటారు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మకు జరిగే తిరునాళ్లూ అలాంటి ఓ కథ చుట్టూ అల్లుకున్నవే. సహగమనాన్ని బెంగాల్‌లో 1829లో, మద్రాసు రాజధానిలో 1830లో చట్టం నిషేధించింది. అంటే అవ్వకు కోరిన కోర్కెలు తీర్చే తల్లి, మనవరాలికి ఒక కాలపు ఆడబతుకు కూడా. ఒకరికి దండం పెట్టాలనిపిస్తుంది, మరొకరికి కన్నీళ్లొస్తాయి. ఇద్దరూ ఒక్క గుడి ముందే నిలబడి ఉంటారు.

పరాయి ఊరి నుంచి వచ్చినవాళ్లు నాలుగు ప్రశ్నలడిగి, రికార్డరు మూసి వెళ్లిపోవచ్చు. సొంతూరి పిల్లకు అది కుదరదు. ఆమె మళ్లీ అదే వీధిలో నడవాలి, అదే పంక్తిలో భోంచేయాలి. ఆమెకు యాస వచ్చు, వరసలు తెలుసు, ఏ ఇంట్లో ఏ వేళకు పెద్దమ్మ తీరిగ్గా ఉంటుందో తెలుసు. అదే ఆమె బలం. ఆమె ఇంటిపేరూ కులమూ ఊరందరికీ తెలుసు. కొన్ని తలుపులు వాటివల్లే తెరుచుకుంటాయి, కొన్ని వాటివల్లే మూసుకుపోతాయి. మూసుకున్న తలుపుల వెనక ఉన్నవాళ్లు అదే కథను ఎలా చెప్పుకుంటారో వినడమే ఆ అయిదేళ్లలో అసలు చదువు.

నిజానికి ఆరా తీయడం అంటే అమ్మవారిని బోనెక్కించడం కాదు. కథను మగవాళ్లు ఎలా చెబుతున్నారు, ఆడవాళ్లు ఏ చోట ఆగి కళ్లొత్తుకుంటున్నారు, తిరునాళ్లలో ఏ పని ఏ ఇంటివాళ్లది, అచ్చు పుస్తకంలో లేని ముక్క ముసలివాళ్ల నోట ఏముంది... ఇవన్నీ ఓపిగ్గా విని, విన్నది విన్నట్టు రాయడం. ఈ పనికి గడువు కూడా ఉంది. పాట తెలిసిన ఒక పెద్దమ్మ కన్నుమూస్తే ఆ పాటను ఏ లైబ్రరీలోనూ వెతికి తేలేరు.

ఇంకో బాకీ కూడా ఉంది. ఈ ప్రాంతం నుంచి బయటకు పోయినవే ఎక్కువ. 1514లో ఉదయగిరి కోటను పట్టుకున్న కృష్ణదేవరాయలు అక్కడి బాలకృష్ణుణ్ణి హంపీకి తీసుకెళ్లి గుడి కట్టించాడు. ఆ విగ్రహం తర్వాత చెన్నై మ్యూజియానికి చేరింది. నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో మూడు సంపుటాల్లో అచ్చువేశారు. ఆ రాళ్లున్న ఊళ్లలో ఆ పుస్తకం చూసినవాళ్లు ఎందరు? ఇప్పుడు సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగ అనే వెబ్‌సైట్లో చేరుతున్నాయి. ఢిల్లీలో కూర్చున్నవాళ్లు చదవగలరు. పాట చెప్పిన పెద్దమ్మకు మాత్రం తన మాట ఏమైందో తెలియదు.

అందుకే ఈ చదువుకు పంపే తల్లిదండ్రులు బిడ్డను ఒక్క మాట అడగాలి. ‘రాసింది తెచ్చి ఊళ్లో చదువుతావా?’ అని. బడి లైబ్రరీలో ఒక ప్రతి, పాడినవాళ్ల ఇంట్లో వాళ్ల పాట రికార్డింగు ఒకటి. అంత పెద్ద ఖర్చేం కాదు. అయిదేళ్లు అన్నం పెట్టిన ఇంటికీ, కథ పెట్టిన ఊరికీ అది తిరుగు సారె.

ఆ రోజు గడప దగ్గర కూర్చుని అవ్వ వింటుంది. ఒకచోట ఆపి, ‘అట్టా కాదే, నేను చెప్పింది ఇంకోరకంగా’ అని దిద్దుతుంది కూడా. విశ్వవిద్యాలయంలో మౌఖిక పరీక్ష అప్పటికే అయిపోయి ఉండొచ్చు. అసలు పరీక్ష మాత్రం అవ్వ ముందే.