ఒక్క పేరు, నూరు బొమ్మలు

వెబ్ పుటలో బొమ్మ పెట్టడం సులభం. అది అన్ని తెరలమీదా పొందికగా ఇమిడేటట్లు చేయడమే కష్టం. బొమ్మ కుడివైపున ఉండాలి, వెడల్పు 600 పిక్సెళ్లు కావాలి, చుట్టూ సన్నని గీత ఉండాలి అనే ఆదేశాలను చాలామంది ఆ బొమ్మ పక్కనే రాసివేస్తారు. దీనినే ఇన్‌లైన్ స్టైల్ అంటారు. ఒకటి రెండు బొమ్మలకైతే చిక్కులేదు. నూరు బొమ్మలున్నప్పుడు గీత రంగు మార్చాలంటే నూరు చోట్ల దిద్దాలి. కొన్ని మరచిపోతే పుట అతుకుల బొంత అవుతుంది.

వెబ్‌కు పుట్టినిల్లయిన సెర్న్ పరిశోధనాలయంలో పనిచేస్తూ, 1994 అక్టోబరులో నార్వే దేశీయుడు హోకన్ వియుమ్ లీ దీనికి విరుగుడు సూచించారు. పుటలోని విషయం ఒకచోట, దాని అలంకారం వేరొకచోట ఉండాలన్నదే ఆ సూచన. డచ్ నిపుణుడు బెర్ట్ బాస్ ఆయనతో చేయి కలిపారు. 1996 డిసెంబరులో సి.ఎస్.ఎస్. తొలి ప్రమాణం వెలువడింది.

ఈ పద్ధతిలో నియమాలన్నీ స్టైల్ షీట్‌లో ఉంటాయి. ఒక్కొక్క నియమాల కూర్పుకు క్లాస్ అనే పేరు పెడతారు. బొమ్మ దగ్గర ఆ పేరు మాత్రమే రాస్తారు. పేరు తెలుగు లిపిలోనైనా ఉండవచ్చు. అయితే అది బొమ్మ చేసే పనిని తెలపాలి. "కుడిబొమ్మ" అని పేరు పెట్టి, తరవాత ఎడమకు జరిపితే పేరే అబద్ధమవుతుంది. "వార్తాచిత్రం" అంటే ఆ బాధ లేదు.

అసలు లాభం ఫోన్ తెరమీద తెలుస్తుంది. 600 పిక్సెళ్లని బిగించిన బొమ్మ ఇరుకు తెర అంచు దాటిపోతుంది. బొమ్మ తానున్న చోటి వెడల్పును మించరాదని క్లాస్‌లో ఒక్క నియమం ఉంటే చాలు, నూరు బొమ్మలూ ఒదిగి కూర్చుంటాయి. తెరను బట్టి అలంకారాన్ని మార్చే మీడియా క్వెరీలు 2012లో ప్రమాణమయ్యాయి. వాటిని బొమ్మ పక్కన రాయడానికి వీలులేదు. పైగా, రెండుచోట్లా ఆదేశాలుంటే సాధారణంగా బొమ్మ పక్కనున్న దానిదే పైచేయి. అందుచేత స్టైల్ షీట్‌ను దిద్దినా ఫలితం కనబడదు.

బొమ్మ సహజమైన పొడవు వెడల్పులను మాత్రం బొమ్మతోనే తెలపడం మంచిది. బొమ్మ వచ్చేలోగా బ్రౌజర్ దానికి చోటు ఉంచుతుంది. చదువుతున్న వాక్యం కిందికి జారిపోదు.

పుటను కట్టేవారు ఒకరు, ఏళ్ల తరవాత దిద్దేవారు మరొకరు. ఆ రెండవవారు నూరు చోట్ల వెదకాలా, ఒక్కచోట దిద్దాలా అన్నది మొదటివారి చేతిలోనే ఉంది.