ర్యామ్‌ని తిట్టే ముందు యాప్ కోడ్ చూడండి

ఫోన్ స్లో అయితే అందరూ ర్యామ్‌నే తిడతారు. నేనైతే ముందు యాప్‌నే అనుమానిస్తా. జావాలో ఫ్లోట్ అంటే 4 బైట్లే. అదే అర్రేలిస్ట్‌లో వేస్తే ఒక్కో నంబర్‌కీ ఒక్కో ఆబ్జెక్ట్ పుడుతుంది: దానికి సాధారణంగా 16 బైట్లు, దాని రిఫరెన్స్‌కి ఇంకో 4. అంటే ఐదు రెట్లు! ఫిట్‌నెస్ యాప్ సెకనుకు 50 సార్లు మూడు యాక్సిస్‌ల రీడింగ్ దాచుకుంటే గంటకు 5,40,000 నంబర్లు. ఫ్లోట్ అర్రేలో దాదాపు 2.16 ఎంబీ, లిస్ట్‌లో 10.8. పాత రీడింగ్స్ వదిలేసినప్పుడు ఆ ఆబ్జెక్టులన్నీ ఊడ్చే పని గార్బేజ్ కలెక్టర్‌దే.

సైజు ముందే తెలీదంటారా? ఆండ్రాయిడ్ఎక్స్‌లో మ్యూటబుల్‌ఫ్లోట్‌లిస్ట్ ఉందిగా. పది నంబర్లుండే సెట్టింగ్స్ పేజీకి ఇదంతా అక్కర్లేదు. సెన్సర్, గ్రాఫ్, ఆడియో యాప్‌లు రాసేవాళ్లు మాత్రం మామూలు లిస్ట్ వాడితే నేనొప్పుకోను.